పది తులముల ప్రాణి – నూఱేండ్లు దాటిన గృహము

(రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ప్రాణుల ఘనతను పరిమాణమునుబట్టి యెంచుట లోకమునకు అలవాటు. ఏనుగు వచ్చినదనగా ఊరంతయు వీధిలోనికి వచ్చును. ఉడుతను చూచుటకు ఎవ్వరును అరుగు దిగరు. అయితే తూకము వేరు, విలువ వేరు. పట్టుమని పది పదునొకండు తులములు తూగు నొక చిన్న జంతువు, ఒక దేశపు శాస్త్రజ్ఞులను, కలప వ్యాపారులను, పాలకులను దశాబ్దుల తరబడి ఆలోచనలో పడవైచినది. దాని కొలత యెంత, తూకమెంత, ఆ తూకమునుబట్టి తేలు లెక్క యెట్టిది అనునదియే నేటి ప్రసంగవిషయము.

ఆస్ట్రేలియా ఖండమునకు ఆగ్నేయభాగమున విక్టోరియా అను రాష్ట్రము కలదు. దాని రాజధానియైన మెల్‌బోర్న్ నగరమునకు ఈశాన్యదిశను కొండలును, వానిపై దట్టమైన అడవులును ఉన్నవి. చలికాలమున ఆ కొండలపై మంచు కురియును. ఆ ఖండము పొట్టపై సంచి గల జంతువులకు నెలవు. వానిలో కంగారూ పేరు వినని వారుండరు. అయితే సంచి గల జంతువులన్నియు నేలపై గంతులు వేయునవి కావు. చెట్లపైననే జీవించునవి పెక్కులు కలవు. వానిలో కోలా అనునది నాలుగు మొదలు పదునైదు కిలోగ్రాముల వరకు తూగును. ఈకవంటి తోక గల మఱియొక జంతువు చెట్టునుండి చెట్టునకు గాలిలో జారిపోవును. దాని బరువు 10 మొదలు 15 గ్రాములు మాత్రమే, అనగా ఇంచుమించు ఒక తులము. ఈ రెంటికి నడుమనున్నది లెడ్‌బీటర్ పాసమ్ అను జంతువు.

పాసమ్ అనగా చెట్లపై తిరుగు సంచిజాతి జంతువు. లెడ్‌బీటర్ పాసమ్ శరీరము 15 మొదలు 17 సెంటీమీటర్లు, అనగా రెండు బెత్తెల కొలత. తోకయు ఇంచుమించు అంతే పొడవు. ముక్కు మొదలు తోకకొన వరకు కొలిచినచో జానెడున్నరకు మించదు. బరువు 100 మొదలు 160 గ్రాములు. పాత తులము 11.66 గ్రాములు గనుక, ఎనిమిదిన్నర తులములు మొదలు పదునాలుగు తులములలోపు అని చెప్పవచ్చును. తెలుగు పల్లెలలోని ఉడుతకు ఇది కొంచెము పెద్దన్న వంటిది. బూడిదవన్నె దేహము, వీపుపై నల్లని చార, చీకటిలో చూచుటకు తగిన పెద్ద కన్నులు, మొదట సన్నమై చివర గదవలె గుబురెక్కిన తోక దాని గుర్తులు. గర్భవాసము మూడు వారములకు లోపలనే ముగియును. పుట్టిన పిల్ల గ్రాము బరువైనను ఉండదు. అది తల్లి సంచిలో చేరి, సుమారు మూడు నెలలు పాలు త్రాగుచు పెరుగును. ఒక కాన్పునకు ఒకటి రెండు పిల్లలకంటె ఎక్కువ యుండవు.

ఈ జంతువు శాస్త్రజ్ఞుల పద్దులోనికి 1867వ సంవత్సరమున ఎక్కినది. మెల్‌బోర్న్ మ్యూజియమునకు అధిపతియైన ఫ్రెడరిక్ మెక్‌కాయ్ దీనిని వర్ణించి, అచటనే జంతుకళేబరములను చెడకుండ సిద్ధపఱచు జాన్ లెడ్‌బీటర్ పేరు పెట్టెను. తరువాత వ్రేళ్లపై లెక్కింపదగిన నమూనాలు మాత్రమే దొరికినవి. 1909వ సంవత్సరము తరువాత అవియు కానరాలేదు. ఈ జాతి నశించినదని శాస్త్రజ్ఞులు తలచిరి. అట్లు కొట్టివేయబడిన పద్దు 1961వ సంవత్సరము ఏప్రిల్ నెలలో మరల తెఱవబడినది. మేరీస్‌విల్ అను ఊరి చేరువనున్న అడవిలో ఎరిక్ విల్కిన్‌సన్ అను ప్రకృతిపరిశీలకుడు రాత్రివేళ ఈ ప్రాణిని సజీవముగా కనుగొనెను. 1971వ సంవత్సరమున విక్టోరియా ప్రభుత్వము దీనిని తమ రాష్ట్రజంతువుగా ప్రకటించినది.

అర్ధశతాబ్దము కానరాని జంతువు అపుడే యేల కనబడినది? దీనికి సమాధానము దాని చిన్నతనమునందే కలదు. విస్తరిలో వేడి అన్నపు రాశి యింకను పొగలు గ్రక్కుచుండగనే, అంచున వేఱుగానుంచిన చిన్న ముద్ద చల్లారిపోవును. వస్తువు చిన్నదగుకొలది దాని తూకముతో పోల్చినపుడు పైభాగము ఎక్కువగును, వేడి త్వరగా తరలిపోవును. ప్రక్కకు ఒక అంగుళము గల ఘనమునకు పైభాగము ఆరు చదరపు అంగుళములు, లోపలి పదార్థము ఒక ఘనాంగుళము. ప్రక్కకు రెండు అంగుళములైనచో పైభాగము ఇరువదినాలుగు, పదార్థము ఎనిమిది. అనగా చిన్నదానికి ఒకపాలు పదార్థమునకు ఆరుపాళ్ల పైభాగము, పెద్దదానికి మూడుపాళ్లు మాత్రమే. కావున మంచు కురియు కొండలలో పది తులముల ప్రాణి ఒంటరిగా కొమ్మపై పగలు గడుపజాలదు. దానికి దళసరి గోడలు గల తొఱ్ఱ కావలెను. చెట్టుబెరడు నారలతో అందులో గూడు అల్లుకొని, కుటుంబమంతయు ఒకదానినొకటి హత్తుకొని పగలు నిద్రించి, సంధ్య దాటిన పిమ్మట మేతకు బయలుదేరును.

దాని మేత పురుగులును, చెట్లబంకయును. ఆ బంక తుమ్మజాతికి చెందిన చెట్లనుండి కారునది. ఇల్లు మాత్రము మౌంటెన్ యాష్ అను నీలగిరి జాతి మహావృక్షము. తెలుగునేలపై జామాయిల్ అని పిలుచు చెట్టునకు ఇది జ్ఞాతి. పుష్పించు వృక్షములలో మిక్కిలి యెత్తు పెరుగు జాతులలో ఇది యొకటి. ఈ జాతిలో నూఱు మీటర్ల యెత్తున్న చెట్టును టాస్మేనియా ద్వీపమున కొలిచియున్నారు. జామాయిల్ తోటలను కొలది యేండ్లకే నరికి కాగితపు మిల్లులకు పంపుదురు. మౌంటెన్ యాష్ చెట్టునకు ఈ ప్రాణి నివసింపదగిన తొఱ్ఱ యేర్పడుటకు నూటయిరువది యేండ్లైనను కావలెను. పెక్కు చెట్లకు అంతకంటెను ఎక్కువ కాలము పట్టును.

1939వ సంవత్సరము జనవరి 13వ తేదీన విక్టోరియా అడవులను ఘోరమైన దావాగ్ని దహించినది. మౌంటెన్ యాష్ తీవ్రమైన మంటకు చచ్చును, విత్తనముల నుండి మరల మొలచును. చచ్చిన ముసలి చెట్లు తొఱ్ఱలతో అట్లే నిలిచియుండెను. వాని క్రింద తుమ్మజాతి మొక్కలు గుబురుగా పెరిగెను. ఇట్లు ఇల్లును మేతయు ఒకే చోట సమకూరుటచే, ఇరువదిరెండేండ్లకు, 1961లో, ఆ ప్రాణి మనుష్యుల కంటబడినది. కాని చచ్చిన చెట్లు కలకాలము నిలువవు. అవి యొకటొకటిగా కూలుచు వచ్చినవి. 1939లో మొలచిన చెట్లకు 2059వ సంవత్సరమునకు గాని నూటయిరువది యేండ్లు నిండవు. పాత యిండ్లు కూలిపోవుటకును, క్రొత్త యిండ్లు సిద్ధమగుటకును నడుమనున్న ఈ లోటే ఆ జాతికి ప్రాణాపాయము. పైగా మిగిలిన అడవిలో కలపకొఱకు నరకుట సాగినది. 2009వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన మరల దావాగ్ని చెలరేగి, ఆ జంతువు నివసించు అడవిలో నూటికి నలువది పైచిలుకు వంతులను కాల్చివేసినది. 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వము దీనిని అత్యంత ప్రమాదస్థితిలోనున్న జాతుల పట్టికలో చేర్చినది.

చేయుచున్న ప్రయత్నములు లేకపోలేదు. కొయ్యపెట్టెలను చెట్లకు అమర్చుచున్నారు, బ్రతికియున్న చెట్ల బోదెలయందు రంపముతో తొఱ్ఱలు తొలుచుచున్నారు. 2024వ సంవత్సరము జనవరి 1వ తేదీ మొదలు విక్టోరియా ప్రభుత్వ అడవులలో సహజవృక్షములను కలపవ్యాపారము కొఱకు నరకుట ఆపివేయబడినది. ఇవన్నియు మెచ్చదగినవే. అయినను పెట్టె తాత్కాలికమైన సత్రము వంటిది. సొంత యిల్లు కట్టవలసినది కాలమే. డబ్బిచ్చి విత్తనము కొనవచ్చును, కూలి యిచ్చి మొక్క నాటింపవచ్చును. నూటయిరువది యేండ్ల వయస్సును ఏ సంతలోను కొనలేము.

ఈ గ్రంథాలయమునకు నేటికి ఇరువదియైదేండ్లు నిండినవి. ఇరువదియైదేండ్ల మౌంటెన్ యాష్ చూచుటకు నిటారుగా ఎంతో యెత్తుగా ఉండును. అయినను దానిలో పది తులముల ప్రాణికి చోటుండదు. ఆశ్రయమిచ్చు శక్తి చెట్టునకు ముసలితనమున గాని రాదు. పల్లెలలో తొఱ్ఱ పడిన చింతచెట్టును, బోలైన రావిచెట్టును పనికిమాలినవని గొడ్డలికి అప్పగించుట వాడుకయైనది. చిలుకలు, గోరువంకలు, పైడికంటెలు గూడు పెట్టునది ఆ బోలు మ్రానులందే. అట్టి చెట్టుపై గొడ్డలి యెత్తుటకు ముందు, ఒక సాయంకాలము దాని క్రింద నిలిచి, తొఱ్ఱనుండి ఏ ప్రాణి వెలుపలికి వచ్చునో చూచుట యుక్తము. కలపధరను కట్టువారు, లోపల కాపురమున్న ప్రాణికి మరల అట్టి యిల్లు ఎన్నేండ్లకు దొరకునో ఆ లెక్కయు కట్టవలెను.