వంటింటి సమీకరణం
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై ఏళ్లు హైస్కూలు పిల్లలకు రసాయన సమీకరణాలు తుల్యం చేయడం నేర్పినవాణ్ణి. “పరీక్షకు తప్ప ఇదెందుకు మాస్టారూ?” అని ఏటా ఎవరో ఒకరు అడిగేవారు. జవాబు మన వంటింట్లోనే ఉంది.

సిలిండరు గ్యాసులో ప్రొపేన్, బ్యూటేన్ ఉంటాయి. ప్రొపేన్ అణువులో కార్బన్ పరమాణువులు 3, హైడ్రోజన్ పరమాణువులు 8. అది పూర్తిగా మండితే కార్బన్ డయాక్సైడ్ అణువులు 3, నీటి అణువులు 4 వస్తాయి. వాటిలోని ఆక్సిజన్ పరమాణువులు 6, 4 కలిపి 10. అంటే జంటలుగా ఉండే ఆక్సిజన్ అణువులు 5 కావాలి. గాలిలో ఆక్సిజన్ సుమారు ఐదో వంతే గనుక, ఒక పాలు ప్రొపేన్‌కు దాదాపు 25 పాళ్ల గాలి అవసరం.

గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అది విషవాయువు. రంగూ లేదు, వాసనా లేదు. తలుపులు బిగించిన స్నానాల గదిలో గ్యాస్ గీజరు ప్రాణాంతకం అయ్యేది అందుకే. గీజరు గది బయట, గాలి ఆడేచోట ఉండాలి. పొయ్యి మంట నీలం పోయి పసుపు తిరిగితే కిటికీ తెరిచి, బర్నరు శుభ్రం చేయించండి.

మనవలకు ఈ లెక్క మీరే చేసి చూపించండి. సూత్రం ముందున్న అంకె మార్చవచ్చు, లోపలి అంకె మార్చరాదని చెప్పండి. డయాక్సైడ్‌లో ఒక్క ఆక్సిజన్ తగ్గితే వచ్చేది ఆ విషమే కదా!

సెలవు.