కయీను కట్టిన పట్టణము

(రేడియో ప్రసంగ పాఠం)

వాక్యభాగము: ఆదికాండము 4వ అధ్యాయము

  

ఈ దినము మనం ధ్యానించబోయే అంశం ఆదిమానవులు, మొట్టమొదటి నాగరికతలు. ఇది పాఠశాలలో చెప్పుకునే సంగతి కదా, ప్రసంగంలో ఎందుకు అని కొందరికి అనిపించవచ్చు. కాని యవ్వనస్థుల కూడికల్లో తరచుగా వచ్చే ప్రశ్న ఇదే. "అయ్యగారూ, మా పుస్తకంలో మనిషి పుట్టి లక్షల ఏళ్లయిందని ఉంది. బైబిలు చూస్తే ఆరు వేల ఏళ్లే అంటారు. ఏది నమ్మాలి?" అని అడుగుతారు. అడిగినవారిని అవిశ్వాసులని గద్దించి కూర్చోబెట్టడం మంచిది కాదు. వారికి జవాబు చెప్పవలసిన బాధ్యత మనకుంది.

మొదట ఒక విషయం గమనించండి. ఆరు వేల ఏళ్లన్న లెక్క బైబిలులో ఎక్కడా రాసి లేదు. ఐర్లండు దేశపు ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ అనే పండితుడు వంశావళులను కూడి, సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని 1650లో ప్రచురించాడు. తరువాతి కాలంలో ఆ తేదీలను ఇంగ్లీషు బైబిళ్ల అంచుల్లో ముద్రించారు. అంచున ఉన్నదాన్ని జనం వాక్యమనుకున్నారు. పరిశుద్ధ గ్రంథం మనకు సంవత్సరాల పట్టిక ఇవ్వడానికి రాయబడలేదు. మనిషి ఎవరివాడో, దేవుని ఎదుట అతడు దేనికి లెక్క అప్పజెప్పాలో తెలియజేయడానికి రాయబడింది. గనుక నేల తవ్వి పరిశోధించేవారిని చూసి విశ్వాసి భయపడనక్కరలేదు. ఆ నేల కూడా దేవునిదే.

మూడు మాటలు ఆలోచిద్దాం.

మొదటిది: నేల చెప్పే సాక్ష్యం

మనం నివసిస్తున్న ఈ డెల్టా వయసులో చిన్నది. కృష్ణమ్మ తెచ్చి పోసిన ఒండ్రుమట్టితో, సముద్రం వెనక్కి జరుగుతూ ఏర్పడిన నేల ఇది. అందుకే అతి ప్రాచీన మానవుల జాడలు మన వరిచేలల్లో కాకుండా, పడమటి రాతి సీమల్లో కనబడతాయి.

పూర్వపు కర్నూలు జిల్లాలో, నేటి నంద్యాల జిల్లాలో జ్వాలాపురం అనే గ్రామం ఉంది. జుర్రేరు లోయలో ఆ ఊరి నేలలో తెల్లని బూడిద పొర ఉంది. కొన్నిచోట్ల దాని మందం 2 మీటర్లకు పైమాటే. అంట్లు తోమే పొడికని జనం దాన్ని తవ్వుకునేవారు. అది దాదాపు 74 వేల సంవత్సరాల క్రితం సుమత్రా ద్వీపంలోని టోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు సముద్రం దాటి వచ్చి పడిన బూడిద. పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ మొదలైన పురావస్తు శాస్త్రజ్ఞులు అక్కడ తవ్వి, ఆ బూడిద పొర కిందా, పైనా కూడా రాతి పనిముట్లు ఉన్నాయని 2007లో ప్రకటించారు. ఆ పనిముట్ల తీరు కూడా పెద్దగా మారలేదు. వాటిని చేసినవారు అచ్చం మనవంటి మనుషులేనా అన్నదానిపై పండితుల్లో చర్చ ఉంది. కాని ఆకాశం నుంచి బూడిద కురిసిన తరువాత కూడా ఆ లోయలో ఎవరో రాళ్లు చెక్కుకుంటూ జీవించారు. తెలుగు నేల మీద అంత పెద్ద ఉపద్రవం దాటి మానవజీవితం సాగిందంటే, నేను దానిని దేవుని కాపుదల అంటాను.

ఇంకా ఇటీవలి కాలానికి వద్దాం. పాత మహబూబ్‌నగర్ జిల్లా మక్తల్ ప్రాంతంలో ఉట్నూరు అనే చోట బూడిద దిబ్బ ఉంది. ఆల్చిన్ అనే పండితుడు 1957లో దానిని తవ్వాడు. అది అగ్నిపర్వతపు బూడిద కాదు, పశువుల పేడ కాలిన బూడిద. నాలుగు వేల ఏళ్లకు పైబడిన కాలంలో అక్కడి ప్రజలు దుంగలతో పశువుల దొడ్డి కట్టుకున్నారు. పేరుకున్న పేడను మళ్లీ మళ్లీ కాల్చారు. ఆ పొరల్లో ఆవుల గిట్టల గుర్తులు ఇప్పటికీ కనబడ్డాయి. హేబెలు చేసిన పని కూడా మందలు కాయడమే కదా! మన తెలుగువారి పూర్వులు కూడా అటువంటి కాపరులే.

వీటన్నిటికంటె నా హృదయాన్ని తాకిన సాక్ష్యం ఇరాక్ ఉత్తర భాగంలోని షానిదార్ గుహలో ఉంది. 1957లో అక్కడ ఒక అస్థిపంజరం దొరికింది. అతడు మనకు దగ్గరి చుట్టాలనదగిన నియాండర్తల్ మానవుడు. 40 వేల ఏళ్లకు పైబడిన ఎముకలవి. చిన్నతనంలోనో, యవ్వనంలోనో తగిలిన దెబ్బలకు అతని కుడిచెయ్యి ఎండిపోయింది. ముఖం మీది గాయం వల్ల ఒక కన్ను పోయి ఉండవచ్చు. కాలు కుంటిది. అయితే ఆ గాయాలన్నీ మానిన తరువాత అతడు ఎన్నో ఏళ్లు బ్రదికాడు. వేటాడలేనివానికి ఎవరు తిండి పెట్టారు? మృగాలు వచ్చినప్పుడు ఎవరు అడ్డుపడ్డారు? పట్టణం లేదు, ఆసుపత్రి లేదు, ఒక్క అక్షరం లేదు. అయినా ఒక తోడబుట్టినవాడో, పొరుగువాడో అతనిని విడిచిపెట్టి పోలేదు.

రెండవది: పట్టణం చెప్పే సాక్ష్యం

ఇప్పుడు మన వాక్యభాగానికి వద్దాం. కయీను పొలంలో తమ్ముణ్ణి చంపాడు. తమ్ముడెక్కడని దేవుడు అడిగితే, వాడిని కనిపెట్టుకుని ఉండటం నా పనా అన్నట్టు ఎదురు ప్రశ్న వేశాడు. ఆ తరువాత 17వ వచనంలో ఏముంది? అతడే ఒక పట్టణం కట్టి, దానికి తన కుమారుడైన హనోకు పేరు పెట్టాడు. బైబిలులో మొట్టమొదటి పట్టణం అదే. ఆ వంశంలోనే గుడారాల్లో ఉండి పశువులు కాసేవారికి మూలపురుషుడైన యాబాలు, వాద్యకారులకు మూలపురుషుడైన యూబాలు, లోహపు పనిముట్లు చేసే తూబల్కయీను పుట్టారు. పాడి, సంగీతం, లోహవిద్య అన్నీ ఒకే ఇంట్లో వచ్చాయి. వాక్యం వాటిని పాపమని అనలేదు. మన ఆరాధనలో వాయించే వాద్యాలు, పొలంలో వాడే కొడవలి ఆ విద్యల ఫలమే. కాని ఆ ఇంట్లోనే లెమెకు కూడా ఉన్నాడు. తనను గాయపరచిన పడుచువాణ్ణి చంపానని భార్యల ఎదుట గొప్పలు చెప్పుకున్నాడు. విద్యలు పెరిగినట్టే కోపమూ పెరిగింది.

చరిత్ర ఏమంటోంది? దాదాపు 11 వేల సంవత్సరాల క్రితం పడమటి ఆసియాలో మనుషులు గోధుమ, యవలు విత్తడం నేర్చారు. మనందరికీ తెలిసిన యెరికోలో కాత్లీన్ కెన్యన్ అనే శాస్త్రజ్ఞురాలు 1950లలో తవ్వితే, క్రీ.పూ. 8000 నాటి రాతి గోడ, 8 మీటర్లకు పైబడిన బురుజు బయటపడ్డాయి. యెహోషువ కాలానికి ఎన్నో వేల ఏళ్ల ముందటి సంగతి ఇది.

పంట తినగా మిగిలినప్పుడు గాదె వచ్చింది. గాదె వచ్చాక దానికి కాపలా వచ్చింది, లెక్క వచ్చింది. ఆదికాండము 10లో నిమ్రోదు రాజ్యపు పట్టణాల్లో ఎరెకు పేరు చదువుతాం. అదే చరిత్రకారులు చెప్పే ఉరుక్. క్రీ.పూ. 3300 ప్రాంతంలో అక్కడ మట్టి పలకల మీద రాసిన గుర్తులే మనకు తెలిసిన అతి ప్రాచీనమైన రాతల్లో ఉన్నాయి. ఏమి రాశారు? కీర్తన కాదు, కథ కాదు. ఎంత యవల ధాన్యం వచ్చింది, ఎన్ని గొర్రెలు, పనివారికి ఎంత కొలిచారు అనే పద్దులు! అక్షరం పుట్టింది గాదె దగ్గర. మన దగ్గర, రేపల్లె పక్కనున్న భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే అనే అధికారి వెలికితీసిన రాతి భరిణెల మీద క్రీస్తుకు పూర్వపు అక్షరాలున్నాయి. అవి దాతల పేర్లు, ఊరి నిగమ సభ్యుల పేర్లు. ఎక్కడైనా ముందు రాతలోకి ఎక్కింది కలవారి పేరే. పొలం దున్నినవాని పేరు ఏ పలక మీదా సులువుగా దొరకదు.

ఇక ఊరు. మన తెలుగు బైబిలులో ఆ పట్టణం పేరే ఊరు. అబ్రాహాము విడిచి వచ్చిన కల్దీయుల ఊరు ఇరాక్ దక్షిణాన ఉన్న ఈ స్థలమేనని అనేక పండితుల అభిప్రాయం. లెనార్డ్ వూలీ 1922 నుండి 1934 వరకు అక్కడ తవ్వాడు. అబ్రాహాముకంటె ప్రాచీనమైన రాజసమాధులు బయటపడ్డాయి. బంగారు ఎద్దు తల పొదిగిన వీణెలు దొరికాయి. చూస్తే కళ్లు చెదిరే పనితనం! యూబాలు విద్య, తూబల్కయీను విద్య రెండూ అందులో ఉన్నాయి. కాని ఒక గొయ్యిలో ఆ వాద్యాల పక్కనే వరుసలుగా 74 మంది శవాలున్నాయి. వారిలో 68 మంది స్త్రీలు, నగలు అలంకరించుకున్నవారు. చనిపోయిన యజమానికి తోడు పంపడానికి వారందరినీ చంపి పూడ్చారు.

ప్రియులారా, షానిదార్ గుహను, ఊరులోని ఆ గొయ్యిని పక్కపక్కన పెట్టి చూడండి. గుహలోనివారికి ఏమీ లేదు, కాని కుంటివానిని సాకారు. పట్టణంలోనివారికి బంగారముంది, సంగీతముంది, రాత ఉంది, కాని 74 మందిని బ్రదుకనియ్యలేదు. అయితే గుహలో అందరూ నీతిమంతులు, పట్టణంలో అందరూ దుర్మార్గులు అని నేను చెప్పడం లేదు. గుహల్లోనూ హత్యలు జరిగాయి. పట్టణాల్లోనూ దయగలవారున్నారు. నేను చెప్పేదేమంటే, నాగరికత ఎంత పెరిగినా దేవుడు కయీనును అడిగిన ప్రశ్న కొట్టివేయబడలేదు.

మూడవది: ఆ ప్రశ్న మన ఇంటి ముందుకు రావడం

ఇదంతా ఎక్కడో ఇరాక్ సంగతి అనుకోవద్దు. మన తెనాలికి దగ్గర్లోనే చుండూరు ఉంది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను పొలాల్లో తరిమి చంపారు. కొందరి శవాలు గోనెసంచుల్లో, కాలువలో దొరికాయి. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష, మరి 35 మందికి ఏడాది శిక్ష విధించింది. 2014లో హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసి అందరినీ విడుదల చేసింది. ఏ కాలువ నీళ్లతో మన వరి పండుతోందో ఆ కాలువల గట్ల మీదే ఇది జరిగింది. రెండు పంటలు పండే నేల మనది, చదువుకున్న నేల మనది. అయినా హేబెలు రక్తం నేలలో నుంచి మొరపెట్టిందని వాక్యం చెప్పిన మాట మనకు అర్థం కావడానికి ఇక్కడినుంచి ఎంతో దూరం పోనక్కరలేదు.

కత్తి పట్టనివారు తప్పించుకున్నామని అనుకోవద్దు. కోతల కాలంలో పనికి వచ్చినవారి కూలి సాయంత్రానికి చేతిలో పడుతోందా? కోసినవారి కూలి బిగబట్టితే ఆ కూలే దేవుని చెవిని చేరుతుందని యాకోబు పత్రిక 5:4 హెచ్చరిస్తుంది. పొలం అంచులు పూర్తిగా కోయవద్దని, రాలిన పరిగె బీదలకు వదలమని లేవీయకాండము 19లో దేవుడు ఆజ్ఞాపించాడు. గాదె వద్దని ఆయన అనలేదు. గాదె తలుపు బీదవాని ముఖాన మూయవద్దన్నాడు.

సంఘములోనూ ఈ ప్రశ్న అడగాలి. ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకుంటాం, బయటికి వచ్చాక ఏ పేటవాడో వాకబు చేస్తాం. పెండ్లి సంబంధం దగ్గర బాప్తిస్మం కంటె కులం ముందుకొస్తుంది. కొన్నిచోట్ల సమాధుల తోటల్లోనూ గీత గీశారు. యవ్వనస్థులారా, మనిషి ఎన్ని వేల ఏళ్ల వాడని మీరడిగిన ప్రశ్న మంచిదే, చదువుకోండి, పరిశోధించండి. పెద్దలారా, మన పిల్లలు ఒకనాడు మన ఆచారాలను తవ్వి చూస్తారు. వారికి మనలో షానిదార్ కనబడుతుందా, ఊరులోని గొయ్యి కనబడుతుందా?

ఆదికాండము 4వ అధ్యాయం కయీను పట్టణంతో ముగియలేదు. ఆదాముకు షేతు పుట్టాడు, షేతుకు ఎనోషు పుట్టాడు. అప్పటినుంచి మనుషులు ప్రభువు నామమున ప్రార్థన చేయడం మొదలైందని చివరి వచనం చెబుతుంది. హేబెలు రక్తం న్యాయం కోసం మొరపెట్టింది. హెబ్రీ పత్రిక 12:24 ప్రకారం యేసు రక్తం దానికంటె శ్రేష్ఠముగా పలుకుతుంది. ఆ రక్తం క్షమిస్తుంది. అయితే క్షమాపణ పొందినవాడు తమ్ముడెక్కడన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండలేడు. ఈ వారం మీలో ప్రతివారు మాట్లాడటం మానేసిన ఒక్కరి గడప తొక్కండి. ఇవ్వవలసిన కూలి ఇవ్వండి. అక్కడ మొదలుపెట్టండి.

ప్రార్థన చేసికొందాం: పరలోకపు తండ్రీ, బూడిద కురిసిన లోయలోనూ మనుషులను కాపాడినవాడవు. మా పొలాల్లో చిందిన రక్తాన్ని నీవు మరువలేదు. మా గాదెలను, మా హృదయాలను తెరువుము. మా సహోదరుని మాకు చూపించుము. ప్రభువైన యేసు నామమున వేడుకొంటున్నాము తండ్రీ. ఆమేన్.