స్మార్ట్‌ఫోనుకు కొయ్యపీఠము

(సంఘ సభలో చదివిన ప్రసంగ పాఠము)



ఢిల్లీ ప్రభుత్వ గృహములలో ఒకదానియందు, ఉద్యోగియైన కుమారునితో కలసియుండు వృద్ధుడొకరు కలరు. వయస్సుచే వినికిడి కొంత మందగించినది. ప్రతి ఆదివారము ఉదయమున విజయనగరము నుండి ఆయన చెల్లెలు ఫోను చేయును. ఆయన ఫోనును చెవికి అదుముకొని అరగంట కూర్చుండును. చేయి తిమ్మిరెక్కును, సగము మాటలు జారిపోవును. "ఏమన్నావమ్మా?" అని మూడుమార్లు అడిగి, నాలుగవమారు అడుగుటకు మొగమాటపడి, "సరే, సరే" అని ఊరకుండును. కుమారుడు విద్యుత్తుతో నడచు స్పీకరు నొకదానిని కొనితెచ్చెను గాని, దానికి చార్జింగు పెట్టుట, ఫోనుతో జతపరచుట ఆ పెద్దవారికి పట్టుబడలేదు. అప్పుడు మనుమడు తలపెట్టినదే ఈ కొయ్యపీఠము.

దీనికి తీగ లేదు, బ్యాటరీ లేదు, మీట లేదు. ఫోనును నిలుపుటకు ఒక గాడి, ఆ గాడి అడుగు నుండి ముందునకు క్రమముగా వెడల్పగు ఒక దారి, ఇంతియే నిర్మాణము. క్రొత్తదనుటకును వీలులేదు. 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫును కనుగొనిన పిమ్మట, పెక్కు సంవత్సరములు గ్రామఫోనులు విద్యుత్తుతో పనిలేకయే బూర సాయమున పాడినవి.

ఫోనులోని స్పీకరు రేకు మిక్కిలి చిన్నది. అది కంపించినపుడు ఎదుటి గాలి ఇటునటు తొలగిపోవునే గాని దాని త్రోపును చాలినంతగా గైకొనదు. సన్నని దారిలో చిక్కిన గాలి అట్లు తప్పించుకొనజాలదు. రేకు త్రోపును అందుకొని, వెడల్పగు నోటి ద్వారా గదిలోనికి చేర్చును. అదియును గాక, ఫోను అడుగున నేలపాలగు ధ్వని వినువారివైపు మరలును. పీఠము శక్తిని పుట్టింపదు. ఉన్నదానిని వృథా కానీయదు.

కొందరు దీనిని వీణకుండతో పోల్చుదురు. పోలిక ఇంపుగా నున్నను సరికాదు. బొబ్బిలి వీణలో పనసకొయ్య తానే కంపించి పలుకును. ఈ పీఠమున పలుకవలసినది గాలి, కొయ్య కదలరాదు. కావున కొండపల్లి బొమ్మలకు వాడు తేలికపాటి పొణికికర్ర కంటె బరువైన టేకు గాని, ఢిల్లీలో సులభముగా దొరకు శీశము గాని మేలు. మనుమడు మొదట ప్యాకింగు పెట్టె పలకలతో చేసిన పీఠము తగరపు డబ్బావలె గరగరలాడినది.

రెండవమారు శీశము దిమ్మను తెచ్చిరి. 6 అంగుళముల వెడల్పు, 4 అంగుళముల ఎత్తు, 5 అంగుళముల మందము. దానిని నిలువున రెండుగా కోసి, గుండ్రని అంచుగల ఉలితో ఒక్కొక్క సగమున సగము బూరను తొలిచి, జిగురుతో అతికి, ఒక రాత్రియంతయు బిగించి యుంచిరి. పిదప పైన 12 మిల్లీమీటర్ల గాడిని ఒకింత వెనుకకు వాలునట్లు కోసిరి. లోపలి దారిని గరుకుకాగితముతో నునుపు చేయుటయందే ఎక్కువ కాలము గడచినది. అది కంటికి కనబడని పని గనుక తొందరపడువారు దానినే విడిచిపెట్టుదురు. గాడిలో గాలి బయటికి పోవు సందులకు ఉన్నిగుడ్డ అతికిరి.

బూర నోరు మూడంగుళములే గనుక, సెకనుకు 1,000 కంపనములకు లోబడిన స్వరములకు దాని సాయము స్వల్పము. మృదంగపు తొప్పి నాదము దీనివలన గంభీరమగునని ఆశింపరాదు. కాని సకార షకారములను, తకార టకారములను వేరుపరచు సన్నని ధ్వనులు చాలవరకు అంతకు పైననే యుండును. వార్ధక్యమున చెవి ముందుగా కోల్పోవునవియు అవియే. చెవిటితనమునకు ఇది మందు కాదు. వైద్యుని చూడవలసినవారు చూడవలసినదే. అయినను ఆ వృద్ధునికి చెల్లెలి మాట, చేతులు ఖాళీగా నుండగా, విడివిడిగా వినబడినది.

అయితే ఆ ఆదివారమే మరియొక చిక్కు వచ్చినది. "అన్నయ్యా, నూతిలోంచి మాట్లాడుతున్నావా ఏమిటి?" అని చెల్లెలు అడిగెను. పలు ఫోనులలో అడుగంచున ఒక ప్రక్క స్పీకరు, రెండవ ప్రక్క మాటను గ్రహించు మైకు రంధ్రము ఉండును. ఆ రంధ్రము గాడిలో మూసుకొనిపోయినది. మనుమడు దానికి ఎదురుగా కొయ్య ముందుభాగము నుండి బరమాతో వేరొక చిన్న రంధ్రము తొలిచెను. ఇది బూర దారితో కలియరాదు. కలసినచో ఫోను తన ధ్వనిని తానే వినును.

మరుసటి ఆదివారము సంభాషణ ముప్పావుగంట సాగినది. మధ్యలో చెల్లెలు, "పెరట్లో మామిడిచెట్టు కొట్టడానికి బుధవారం మనుషులొస్తున్నారు" అనెను. వృద్ధుడు ఉలికిపడి, "నాన్నగారు నాటిన చెట్టమ్మా! ఎవరు కొట్టమన్నారు?" అనిరి.

"పోయిన నెల అడిగితే నువ్వే కదా, సరే సరే అన్నావు!"

కొంతసేపు రెండువైపులను మాట లేదు. వంటింటి నుండి కోడలు వచ్చి గుమ్మమున నిలిచెను. పిదప చాలసేపు బేరము జరిగి, గోడమీదికి ఒరిగిన ఎండుకొమ్మ నొక్కదానిని మాత్రము తీయించుటకు ఒప్పుదల కుదిరినది.