నీటిని కొలుచు నీరు

నల్లజర్లలోగాని తాడేపల్లిగూడెములోగాని బ్యాటరీల దుకాణమునకు పోయి అడిగినచో సీసాలలో అమ్మెడు డిస్టిల్డ్ వాటరు దొరకును. అది స్వచ్ఛమైన నీరేనా అని అడిగినచో దుకాణదారుడు అవుననియే చెప్పును. బ్యాటరీ పనికి ఆ మాట చాలును. ప్రయోగశాలలోని రసాయనికుడు మాత్రము అంతటితో ఊరకుండడు. ఎంత స్వచ్ఛము, దేనినుండి స్వచ్ఛము, ఎట్లు కొలిచితిరి అని మూడు ప్రశ్నలు వేయును. ఈ ప్రశ్నల అవసరము మన ప్రాంతమునకు అనుభవపూర్వకముగా తెలిసినదే.

2020 డిసెంబరు 5వ తేదీ మొదలుకొని ఏలూరు పట్టణములో జనులు ఉన్నట్లుండి మూర్ఛతో పడిపోవసాగిరి. కొలది దినములలో 600 మందికి పైగా అస్వస్థులైరి. తొలుత అందరి అనుమానమును నీటిమీదనే. నీరు, పాలు, కూరగాయలు, రోగుల రక్తము నమూనాలుగా తీసి దూరప్రాంతముల ప్రయోగశాలలకు పంపిరి. ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థవారు పరీక్షించిన రక్తములో సీసము, నికెలు కనిపించినవి. డిసెంబరు 16వ తేదీనాటికి ఆ సంస్థయు, నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థయు పురుగుమందుల అవశేషములే ప్రధాన కారణమై యుండవచ్చునని రాష్ట్రప్రభుత్వమునకు తెలిపినవి. అవి శరీరములలోనికి ఏ దారిని చేరినవో ఆనాటి నివేదికలు తేల్చలేదు.

ఇట్టి సమయములో ఒక చిన్న అంకెమీద ఎంత భారము పడునో ఆలోచింపుడు. లీటరు త్రాగునీటిలో సీసము 0.01 మిల్లిగ్రామునకు మించరాదని భారతీయ ప్రమాణము. అనగా 5,000 లీటర్లు పట్టు ట్యాంకరులు 20 నింపి, ఆ నీరంతటిలో ఒక్క గ్రాము సీసము కరిగించినచో హద్దుకు చేరినట్లే. పరీక్షకుడు పాత్రలు కడుగుటకు నీరే వాడును. నమూనాను పలుచన చేయుటకు నీరే. పోల్చి చూచు ద్రావణము కలుపుటకును నీరే. ఆ నీటిలోనే లేశమాత్రము సీసముండెనా, కుళాయి చేయని నేరము కుళాయిపై పడును. అందుచేత అతడు తన నీటినిగూడ నమూనావలెనే అదే ఆమ్లముతో, అదే యంత్రములో నడిపి చూచును. దీనిని శూన్యపరీక్ష యందురు. పరీక్షాపత్రములో కనబడు అంకె వెనుక ఈ అంకె దాగియుండును. మా దృష్టిలో దాగినదియే ముఖ్యము.

నీరు తన పాత్రను తాను తినునను సంగతి క్రొత్తది కాదు. నీరు మట్టిగా మారగలదని నమ్మెడు కాలములో, 1770 ప్రాంతమున, ఫ్రాన్సు దేశస్థుడు లావోయిజియే గాజుపాత్రలో నీటిని మూసి 101 దినములు కాచెను. మట్టివంటి పదార్థము తేలినది. పాత్రను తూచి చూడగా, అది కోల్పోయిన బరువు ఆ పదార్థపు బరువునకు ఇంచుమించు సరిపోయినది. మట్టిగా మారినది నీరు కాదు, కరిగినది గాజు!

సీసము విషయములో ఇంతకన్న ఘాటైన పాఠము అమెరికా శాస్త్రజ్ఞుడు క్లెయిర్ పాటర్సనుకు కలిగినది. రాతిలోని సీసమును కొలిచినప్పుడెల్ల ఉండవలసినదానికన్న ఎక్కువ వచ్చెడిది. ఆ అదనపు సీసము నీటిలోనిది, ఆమ్లములోనిది, గదిలోని దుమ్ములోనిది. వానినన్నిటిని శుద్ధిచేసికొన్న తరువాతగాని ఆయనకు భూమి వయస్సు చిక్కలేదు. 1956లో ప్రచురించిన ఆ అంకె 455 కోట్ల సంవత్సరములు.

నీటి స్వచ్ఛతను కొలుచుటకు ముఖ్యసాధనము విద్యుత్తు. లవణములు కరిగిన నీరు విద్యుత్తును పోనిచ్చును. అవి లేని నీరు దాదాపు పోనీయదు. సముద్రజలపు వాహకత సెంటీమీటరునకు సుమారు 50,000 మైక్రోసీమెన్సులు. ఉప్పుటేరు గుండా ఆ నీరు కొల్లేటివైపు ఎగదన్నినప్పుడు అక్కడి అంకెయు పెరుగును. ప్రయోగశాల నీటికి 1987 నాటి అంతర్జాతీయ ప్రమాణము మూడు తరగతులు ఏర్పరచినది. సామాన్యపు పనులకు 5, నడిమి తరగతికి 1, సూక్ష్మపరీక్షలకు 0.1 మైక్రోసీమెన్సు హద్దులు. 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఎంత శుద్ధిచేసినను 0.055కు దిగువకు పోదు. నీరు తనంత తానే స్వల్పముగా విడివడి విద్యుత్కణములను పుట్టించుటయే ఇందుకు కారణము. 1894లో జర్మనీలో కోల్‌రౌష్, హైడ్‌వైలర్ అనువారు ఈ అట్టడుగును దాదాపు ముట్టిరి. ఇంత శ్రమతో సంపాదించిన నీటిని మూతలేక ఉంచినచో, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మరల 1 దరికి చేరును.

ఇండ్లకు వడపోత యంత్రములు అమ్మవచ్చువారు కలమువంటి మీటరును గ్లాసులో ముంచి అంకె చూపుదురు. అదియు కొలుచునది వాహకతనే. దానిని ఒక గుణకముతో హెచ్చించి లవణముల మొత్తముగా చూపును. నల్లజర్ల మెట్టలో బోరునీటి ఉప్పదనము తెలిసికొనుటకు పనికివచ్చును, కాదనము. గ్లాసులో రెండు చెంచాల పంచదార కలిపి మరల ముంచుడు. అంకె పెరగదు. పంచదార విద్యుత్కణములుగా విడిపోదు. పురుగుమందులలో పెక్కింటి తీరును ఇంతే. సీసమైనను హద్దుకు చేరినంతమాత్రమున వాహకతను 0.02 మైక్రోసీమెన్సైనను పెంచదు. వందలలోనుండు బోరునీటి అంకెలో అది ఏపాటి? ఏలూరులో అనుమానింపబడిన ముద్దాయిలిద్దరును ఈ మీటరు కంటబడనివారే.

సేంద్రియ పదార్థమును పట్టుటకు ప్రయోగశాలలలో వేరొక ఉపాయము కలదు. నీటిపై అతినీలలోహిత కిరణములను ప్రసరింపజేసి అందలి కర్బనమును బొగ్గుపులుసు వాయువుగా మార్చుదురు. అప్పుడు పెరిగిన వాహకతనుబట్టి మొదటనున్న కర్బనమెంతో లెక్కకట్టుదురు. అది ఏ మందో తెలియుటకు మరల వేరు యంత్రము కావలెను.

నమూనా పట్టుటలోను ఈ భేదము పాటింపవలెను. లోహముల పరీక్షకు శుభ్రమైన ప్లాస్టిక్కు సీసాలో పట్టి కొంచెము నత్రికామ్లము కలుపుదురు. లేనిచో లోహము సీసా గోడలకు అంటుకొనిపోవును. పురుగుమందులకు గోధుమరంగు గాజుసీసా కావలెను. ప్లాస్టిక్కు వానిని పీల్చుకొనవచ్చును. జాగ్రత్తగల ప్రయోగశాలవారు తమ స్వచ్ఛమైన నీటిని రెండవ సీసాలో పోసి చెరువుగట్టుదాక పంపుదురు. అక్కడ మూత తీసి, మూసి, తిరిగి తెప్పించి పరీక్షింతురు. దారిలోని దుమ్ము, చేతిమురికి, సీసాదోషము అందులో బయటపడును. మీ ఊరి నీటిని పరీక్షకు పంపినప్పుడు ఆ రెండవ సీసా అంకెను గూడ అడిగి తెలిసికొనుడు.