ఫార్వర్డ్ నొక్కే ముందు

(పార్సిప్పనీలో మన కార్మికుల కలయికలో మాట్లాడింది. రాలేకపోయినవారి కోసం ఇక్కడ పెడుతున్నాం.)

నేను పదో తరగతి దాకా చదివినోణ్ణి. సైటు మీద పని చేయించడం తెలుసు, ప్రసంగాలు తెలియవు. నేను చేసిన ఒక తప్పు చెప్తాను, వినండి.

2020 ఏప్రిల్ 10 నుంచి న్యూజెర్సీలో అత్యవసరం కాని నిర్మాణ పనులు ఆపేశారు. పని లేదు, పొద్దంతా ఫోనే. ఢిల్లీలో నిజాముద్దీన్ మర్కజ్‌కు వెళ్ళొచ్చినవాళ్ళలో ఆరుగురు చనిపోయారని మార్చి 30న తెలంగాణ ప్రభుత్వం చెప్పింది. ఇక టీవీ పెడితే అదే, వాట్సాప్ తెరిస్తే అదే. 'కరోనా జిహాద్' అని పేరు కూడా పెట్టారు. ఒక ముస్లిం వ్యాపారి పండ్లకు ఉమ్ము పూస్తున్నాడని వీడియో వస్తే, ముందూ వెనకా చూడకుండా మా పాత దుబాయి రూము గ్రూపులో పెట్టేశాను.

ఆ గ్రూపులో నిజామాబాద్ భాయ్ ఒకాయన ఉన్నాడు. క్యాంపులో నాకు అమ్మవారు పోసినప్పుడు అందరూ మంచాలు దూరం జరుపుకున్నారు. ఆయన ఒక్కడే పక్కన కూర్చొని గంజి తాగించాడు. ఆ వీడియో కింద ఆయన ఒక్క ముక్కే రాశాడు: "తమ్మీ, నీకు గంజి కాచింది కూడా ఈ చేతులతోనే." ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత తెలిసింది, ఆ వీడియో మధ్యప్రదేశ్‌లోని రాయ్‌సేన్‌లో ఫిబ్రవరిలోనే తీసింది. మర్కజ్‌తో దానికి సంబంధమే లేదు.

మర్కజ్‌లో రోగం అంటలేదని నేననను. ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్య శాఖ 14,378 కేసుల్లో 4,291 దానికి సంబంధించినవని చెప్పింది. కానీ అక్కడికి పోయినవాళ్ళను, వాళ్ళను కలిసినవాళ్ళను వెతికి వెతికి పరీక్ష చేశారు. అప్పట్లో మిగతావాళ్ళకు పరీక్షలే తక్కువ. పది స్లాబుల్లో ఒక్కదాన్నే నేను తనిఖీ చేస్తే, నా పుస్తకంలో పగుళ్ళన్నీ ఆ ఒక్క స్లాబువే ఉంటాయి. అంతమాత్రాన మిగతా తొమ్మిదీ గట్టివని సంతకం పెడతామా?

2020 ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, మర్కజ్‌కు వచ్చిన విదేశీయులను బలిపశువులను చేశారని చెప్పి వాళ్ళ మీద కేసులు కొట్టేసింది. పత్రికలు, టీవీలు చేసిన ప్రచారాన్ని కూడా తప్పుపట్టింది. మరుసటేడు మన ఉమ్మడి కృష్ణా జిల్లా వారైన అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారు కూడా, ప్రతి వార్తకూ మతం రంగు పూస్తే దేశానికే చెడ్డపేరని అన్నారు. కానీ తీర్పు వచ్చేలోపు, మర్కజ్ ఎక్కడుందో కూడా తెలియని కూరగాయల బండి ఆయన్ని ఎన్ని గల్లీల్లోంచి వెళ్ళగొట్టారో!

గల్ఫ్‌లో ఉన్న తమ్ముళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. ఆ ఏప్రిల్‌లోనే ఇలాంటి పోస్టులు పెట్టి యూఏఈలో కొందరు మన భారతీయులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. మన రాయబారి పవన్ కపూర్ స్వయంగా హెచ్చరించాల్సి వచ్చింది. అక్కడ 2015 నుంచే మతద్వేషం మీద చట్టం ఉంది. జైలు, భారీ జరిమానా రెండూ ఉన్నాయి. అప్పు చేసి వెళ్ళినోళ్ళం, ఒక్క వేలు నొక్కుడుతో ఇంటికి రావద్దు.

ఇక్కడ అమెరికాలో అదే రోగాన్ని 'చైనా వైరస్' అన్నారు. ఆసియా ముఖం కనపడితే చాలు, తిట్టినోళ్ళున్నారు, కొట్టినోళ్ళున్నారు. మనమూ ఆసియావాళ్ళమే కదా.

అందుకే, ఏదైనా వస్తే మూడు అడగండి: ఎప్పటిది, ఎక్కడిది, ఎవరు చెప్పారు? జవాబు దొరక్కపోతే అక్కడే ఆపండి.

భాయ్‌కి నేను ఫోన్ చేసి క్షమించమన్నాను. "అన్నం తిన్నావా?" అని అడిగాడు. అంతే.

ఉంటాను.