కంటికి కానరాని సొమ్ము చోరీయైనప్పుడు

కాచిగూడ స్టేషనులో బండి దిగు సందడిలో ఎవరి జేబైనను కత్తిరింపబడినచో, దొంగ ఏ దారిని పోయెనో తెలియదు. క్రిప్టో కరెన్సీ చోరీ ఇందుకు విరుద్ధము. సొమ్ము పోయిన దారి లోకమునకెల్ల కనబడును. పట్టుకొనిపోయిన మనిషి మాత్రము కనబడడు.

బిట్‌కాయిను వంటి నాణెములకు కాగితము లేదు, లోహము లేదు. ఎంత సొమ్ము ఎచ్చటికి చేరెనో తెలుపు పద్దు వేలకొలది కంప్యూటర్లలో ఏకరూపముగా వ్రాయబడుచుండును. అందు మనుష్యుల పేర్లుండవు. అక్షరములు, అంకెలు కలిసిన చిరునామాలుండును. బిట్‌కాయినులో ఒకసారి స్థిరపడిన పద్దును ఏ బ్యాంకు మేనేజరును కొట్టివేయజాలడు. అయినను నాణెములను రూపాయలుగా మార్చుకొనుటకు దొంగ సాధారణముగా ఎక్స్‌ఛేంజి అనబడు మారకపు సంస్థ గుమ్మము త్రొక్కవలసివచ్చును. అతనిని నిలుపుటకు అదియే తావు. 2023 మార్చి నుండి మన దేశమున ఇట్టి సంస్థలు మనీ లాండరింగు నిరోధక చట్టమునకు లోబడి ఖాతాదారుల గుర్తింపును పరిశీలింపవలసియున్నవి.

కావున సొమ్ము పోయినదని తెలిసిన గడియనే మీ ఎక్స్‌ఛేంజికి తెలిపి, ఖాతాను నిలుపుమని కోరుడు. లావాదేవీ సంఖ్య, సొమ్ము చేరిన చిరునామా, తేదీ, వేళ, మొత్తము వ్రాసియుంచుడు. వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయుడు; జాతీయ సైబర్ నేరముల పోర్టల్‌లోను ఫిర్యాదు నమోదు చేయుడు. పిమ్మట ఠాణాలో లిఖితముగా ఫిర్యాదు చేయుడు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, నేరము ఎచ్చట జరిగినను ఏ ఠాణాలోనైనను సమాచారమీయవచ్చును.

రెండు చోట్ల చెప్పుట ఎందుకని అడుగవచ్చును. పోలీసుల లేఖ లేనిదే ఎక్స్‌ఛేంజి సాధారణముగా పరుల ఖాతాను తాకదు. లావాదేవీ సంఖ్య లేనిదే పోలీసులకు జాడ చిక్కదు.

పెద్ద సంస్థలకును ఈ బాధ తప్పలేదు. 2024 జూలై 18న వజీర్ఎక్స్ నుండి ఇరువదిమూడు కోట్ల డాలర్లకు పైబడిన సొమ్ము పోయినది. 2016లో బిట్‌ఫినెక్స్ నుండి 1,19,754 బిట్‌కాయిన్లు దొంగిలింపబడగా, 2022లో అమెరికా అధికారులు 94,000కు పైగా స్వాధీనపరచుకొనిరి. అందరికిని ఇట్టి ఫలము కలుగునని చెప్పజాలము. కాని ఆరేండ్లైనను ఆ జాడ చెరిగిపోలేదు.

మరియొక హెచ్చరిక. పోయిన సొమ్మును రాబట్టెదమని, ముందుగా రుసుము చెల్లింపుడని కొందరు దరిచేరుదురు. వారు రెండవ దొంగలు. మీ వాలెట్టు రహస్య పదములను పోలీసులమని చెప్పినవారికి సైతము ఈయకుడు.

అశోక్ నగరులో పరీక్షలకు చదువుకొను యువకుడొకడు తండ్రి పంపిన సొమ్మును ఇట్లు పోగొట్టుకొనెననుకొందము. సిగ్గుచే మూడు దినములు నోరు విప్పనిచో, ఆ మూడు దినములును దొంగకు దానమిచ్చినట్లే. కావున గృహస్థులకు నా మనవి ఇది: పిల్లలు ఇట్టి మాట చెప్పవచ్చినప్పుడు మందలింపును రేపటికి ఉంచుడు. ముందు లావాదేవీ సంఖ్య అడుగుడు.