తోటదారుల సంఘము: నిలువ నిధి



విత్తనమునకు గింజలు తీసి ఉంచి తక్కినవి అమ్ముట మన తాతలనాటి అలవాటు. అదే రైతులు సంఘము పెట్టుకొన్నప్పుడు మాత్రము ఏటి చందా ఏటికే ఖర్చు చేసి, మార్చి నెలాఖరుకు పెట్టె ఊడ్చివేయుదురు. లాభము కొరకు పెట్టినది కాదు గదా, మిగల్చుట ఎందుకని అడుగుదురు. లాభాపేక్ష లేదనగా మిగులు ఉండరాదని కాదు, దానిని సభ్యులు పంచుకొనరాదని అర్థము. లాభము పంచుకొను సహకార సంఘములు సైతము ముందుగా కనీసము నాల్గవ వంతు నిలువ నిధికి చేర్చవలెనని 1912 నాటి చట్టమే చెప్పినది.

2025లో చిత్తూరు ప్రాంతమున తోతాపురి మామిడి ధర పడిపోయినది. ప్రభుత్వము కిలోకు 4 రూపాయల సహాయము ప్రకటించినది. ఇటువంటి ఏడాదిలో చందా వసూలు కాదు. గుజ్జు ఫ్యాక్టరీల చుట్టూ, కచ్చేరీల చుట్టూ సంఘము తిరుగవలసినదీ ఆ ఏడాదే! గుమాస్తాకు జీతము లేక గది తాళము పడినచో మీ తరఫున మాటాడువారు ఎవరు?

లెక్క చూడుడు. గుమాస్తాకు 6,000, గది అద్దె 1,500, ప్రయాణములకు, తపాలాకు 1,500; నెలకు 9,000 రూపాయలు, ఏడాదికి 1,08,000 అనుకొందము. 200 మంది సభ్యులు తలకు 600 చొప్పున ఇచ్చినచో 1,20,000 వచ్చును. మిగులు 12,000. సగముమంది ఎగవేసిన ఏడాది 48,000 తక్కువపడును. ఆరు నెలల ఖర్చు, అనగా 54,000, నిలువ ఉన్న సంఘము ఆ ఏడాదిని గట్టెక్కును. ఇది కూడుటకు నాలుగున్నర ఏండ్లు పట్టును. కనుక మంచి ధర పలికిన ఏడే మొదలుపెట్టుడు. రెండేండ్ల ఖర్చుకు మించి పోగైనచో చందా తగ్గించుట న్యాయము.

ఈ సొమ్మును అధ్యక్షుడు, కోశాధికారి ఇద్దరి సంతకములపై బ్యాంకులో వేయుడు. బ్యాంకు మూతపడినచో డిపాజిట్లకు భీమా 2020 ఫిబ్రవరి 4 నుండి ఒక్కొక్క బ్యాంకులో 5 లక్షల వరకు, అసలు వడ్డీ కలిపి. సభ్యుల చందాకు పన్ను లేదని వడ్డీకీ లేదనుకొనరాదు. 2013లో బెంగళూరు క్లబ్బు కేసులో బ్యాంకు డిపాజిట్ల వడ్డీ పన్నుకు లోబడునని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మీ ఆడిటరును అడుగుడు.

చేబదులు మాత్రము ఎవరికీ ఇయ్యవద్దు, అధ్యక్షునికైనను సరే. సర్వసభ్య సమావేశమునాడు పాసుపుస్తకము బల్లమీద పెట్టి, నిలువ ఎంతయో అందరికీ వినబడునట్లు చదివింపుడు.